అమ్మ మాటకు రెండు జీబీలు

ఆ రోజుల్లో మా జనగామలో పొద్దున లేస్తే ఏది బందో, ఏది తెరిచారో కనుక్కున్నాకే చెప్పులేసుకోవాలి. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్. రైలు వస్తే వచ్చినట్టు, రాకపోతే పట్టాల మీద మనవాళ్లే కూర్చున్నట్టు. బంద్ లేనిది మా ఇంటి ముందు గదిలోని టీవీ ఒక్కటే. ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్ల మీద జరిగినవన్నీ రాయడానికి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, రాస్తున్నారు కూడా. ఆ టీవీకి కలిపిన కంప్యూటర్ డిస్కు మీద జరిగిన పోరాటం గురించి రాయడానికి మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను. కాబట్టి ఇందులో నా పక్షపాతం ఉంటుంది. ఉండనివ్వండి. ఆ సాయంత్రం నేను చేసిన పని తప్పని మా బాపు ఇప్పటికీ అంటాడు, ఒప్పని నేను ఇప్పటికీ అంటాను. ఇద్దరిదీ ఒకే రక్తం కదా, తగ్గేవాళ్లు ఎవరూ లేరు.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి, స్టేషన్ దగ్గర ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాను. (పాఠాలంటే పెద్దగా ఏమీ లేదు. వచ్చినవాళ్లకు మౌసు ఎలా పట్టుకోవాలో చూపించి, దానితో ఒక ఇల్లు, ఇంటి పక్కన ఒక కొబ్బరి చెట్టు గీయించడం.) ఆ జీతంతోనే ఒక పాత కంప్యూటర్ కొన్నాను. కేబుల్ వైరు నేరుగా అందులోకి పోయేలా టీవీ కార్డు పెట్టించి, అక్కణ్ణుంచి ముందు గదిలోని టీవీకి పొడుగాటి వైరు లాగాను. టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చన్నమాట. మా వాడకట్టులో ఇంకెవరింట్లోనూ అలాంటిది లేదు. దానికి ‘మీడియా సెంటర్’ అని పేరు కూడా పెట్టాను. మా ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా పలకలేదు. అందరూ ‘డబ్బ’ అన్నారు.

సమ్మె మొదలై నా కోచింగ్ సెంటర్ కూడా మూతపడ్డాక, ఆ డబ్బను చూసుకోవడమే నా ఉద్యోగమైంది. అది ఎంత కష్టమైన ఉద్యోగమో చెప్పాలంటే ముందు మా ఇంట్లోవాళ్ల గురించి చెప్పాలి. మా బాపు బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి స్టీరింగు పట్టిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయ్యేసరికి రిమోటు పట్టాయి. చర్చ వస్తే రికార్డు, ప్రెస్ మీట్ వస్తే రికార్డు, ఎవరో నాయకుడు కారు దిగి ఏమీ మాట్లాడకుండా లోపలికి పోతే అదీ రికార్డు. "గిది చరిత్ర బిడ్డా. రేపటోళ్లకు సూపియ్యాలె" అనేవాడు. ఆ చరిత్ర గంటకు రెండు జీబీలు మింగేది. పైగా రికార్డయినవాటికి ఆ టీవీ కార్డు తనంతట తానే అంకెలతో పేర్లు పెట్టేది కాబట్టి, అందులో ఏది ఎవరి మాటో బాపుకు కూడా తెలియదు. ఒక్కదాన్ని కూడా మళ్లీ పెట్టి చూసిన పాపాన పోలేదు.

రెండో మనిషి మా చిన్నాయిన, అంటే బాపు తమ్ముడు. మానుకోటలో ఏదో ఆఫీసులో చిన్న ఉద్యోగం. సమ్మెలో ఆ ఆఫీసుకు తాళం పడింది, ఆయనకింకా పెళ్లి కాలేదు, వంట రాదు. అందుకని ఒక బట్టల సంచి, ఒక సినిమాల డిస్కు పట్టుకుని వచ్చి మా ఇంట్లో పడ్డాడు. వచ్చినరోజే అందులో ఉన్నదంతా నా డిస్కులోకి పారబోసి, ఆ డిస్కును ఖాళీ చేసి దోస్తుకు ఇచ్చేశాడు. చూస్తే, ఒకే సినిమా మూడేసి రకాలుగా ఉంది. ఒకటి బాగున్నది, ఒకటి ఫరవాలేనిది, ఇంకొకటి థియేటర్లో ఎవరో దొంగచాటుగా తీసింది. ఈ మూడోదాంట్లో, హీరో ఏడుస్తుండగా ముందు వరుసలో ఒకాయన లేచి బయటికి పోతాడు. "బాగున్నది ఉన్నంక మిగతయి ఎందుకు చిన్నాయినా?" అని అడిగాను. "గా లేసి పోయినాయన మీద నాకు మనసు పడ్డదే. మంచి సీన్ల లేసిపోయిండంటె ఎంత తిప్పలైందో పాపం" అన్నాడు.

వీటన్నిటికంటే చిన్నాయినకు ఇష్టమైనవి కామెడీ బిట్లు. వాటిల్లో ఎప్పుడు చూసినా మా మాట మాట్లాడేది ఒక తాగుబోతో, ఒక రౌడీయో, తన్నులు తినే పనిమనిషో అయ్యేవాళ్లు. వాళ్లు ‘ఏందిరా బయ్’ అనగానే సినిమాలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు, వాళ్లతో పాటు మా చిన్నాయిన కడుపు పట్టుకుని నవ్వేవాడు, ఆయన వెనక నిలబడి మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పగలంతా చౌరస్తాలో మన భాష, మన యాస అని గొంతు చించుకుని వచ్చిన మనిషి, సాయంత్రం ఇంట్లో దాన్నే చూసి పడీపడీ నవ్వడమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఒళ్లు మండేది. నవ్వేవాళ్ల మధ్య కూర్చుని ఒక్కదాన్నే మండిపోవడం చాలా కష్టమైన పని.

ఇక మా అమ్మ. పుట్టిల్లు రేగొండ దగ్గర పల్లె. పెళ్లయి ఎన్నేళ్లయినా ఆమె నోట్లో ‘వస్తున్న’ అనే మాట రాలేదు, ‘అత్తాన’ అనే అనేది. దానికి జనగామవాడైన మా బాపు ఆటపట్టిస్తే, సగం సిగ్గుపడి సగం కోపగించుకుని వంటింట్లోకి పోయేది. అమ్మకు ఒక సీరియల్ పిచ్చి ఉంది. కరెంటు పోయి ఏ భాగం తప్పిపోతుందోనని రోజూ రికార్డు చేయించి, అంకెలు తీసేసి సీరియల్ పేరు పెట్టించుకునేది. చూశాక తీసేస్తానంటే ఒప్పుకునేది కాదు, "మళ్ల అక్కరపడ్తె" అనేది. ఏడ్చే కోడలు మళ్లీ ఎందుకు అక్కరపడుతుందని అడక్కండి. మా సజ్జ మీద పాత కుక్కర్ల రబ్బర్లు, మూతలు పోయిన డబ్బాలు, డబ్బాలు పోయిన మూతలు కూడా ఆ లెక్కలోనే ఉండేవి. సజ్జ నిండితే ఆమెకు కనబడుతుంది కాబట్టి ఎప్పుడో ఒకసారి సర్దేది. డిస్కు నిండిందంటే మాత్రం నమ్మేది కాదు. "కండ్లకు కనవడనిది ఎట్ల నిండుతదే?" అని నన్నే అనుమానంగా చూసేది.

పక్కింటి ఖాలాది కూడా అందులో కొంత ఉంది. వాళ్లాయనకు టైలరింగ్ షాపు. వాళ్లింట్లో కంప్యూటర్ లేదు, బిడ్డ నిఖా సీడీలు గీతలు పడి ఆగిపోతున్నాయని తెచ్చి నా డబ్బలో వేయించింది. బిడ్డను భూపాలపల్లికి ఇచ్చారు. బస్సులు బంద్ అయ్యాక ఆ పిల్లను చూసి చాలా రోజులైంది. అందుకని పనంతా అయ్యాక మా ఇంటికి వచ్చి, కాసేపు నిఖా పెట్టించుకుని, బిడ్డను సాగనంపే చోట కొంచెం ఏడ్చి, అమ్మతో చాయ్ తాగి పోయేది. ఆమెది తీసేద్దామని నాకు ఏనాడూ అనిపించలేదు.

డిస్కు అంచుల దాకా నిండి, డబ్బ నత్తనడక నడవడం మొదలుపెట్టాక, ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి నా షరతులు చదివాను. చూసినవి తీసెయ్యాలి. ఒకటి ఉంటే దాని కవలలు ఉండకూడదు. పేరు తెలియనిదానికి ఇంట్లో చోటు లేదు. ఎవరిది వాళ్లు తీస్తే సంతోషం, తీయకపోతే నేనే తీస్తాను. అంతే, ఊళ్లో జరిగేదంతా మా ఇంట్లో జరగడం మొదలైంది. చిన్నాయిన ఒక జేఏసీ పెట్టాడు. సభ్యుడు ఆయనొక్కడే. తన సినిమాలు ముట్టుకుంటే ఇంట్లోనే నిరాహార దీక్షకు కూర్చుంటానన్నాడు. (మధ్యాహ్నం భోజనం అయ్యాక కూర్చున్నాడు, నాలుగింటి చాయ్‌కి లేచాడు.) అమ్మ సహాయ నిరాకరణ మొదలుపెట్టి, నాకు తప్ప అందరికీ చాయ్ పోసింది. బాపు పెద్దమనిషి కాబట్టి, దీని మీద ఒక కమిటీ వేస్తున్నట్టు ప్రకటించి, దానికి తనే అధ్యక్షుడయ్యాడు. అన్ని పక్షాల మాటా విన్నాడు. విని, ఎవరిదీ తీయవద్దని, డిస్కు మాత్రం ఖాళీ కావాలని తేల్చాడు.

నేను కమిటీ మాట వినలేదు. మరునాడు ముగ్గురూ చౌరస్తాకు పోయిన సమయం చూసి కామెడీ బిట్లూ, కవల సినిమాలూ, బాపు చర్చల్లో పాతవీ ఏరి డిలీట్ కొట్టాను. అయితే కంప్యూటర్లో మొదటి దెబ్బకు ఏదీ చావదు, మూలనున్న చెత్తబుట్టలోకి పోయి కూర్చుంటుంది. ఈ చెత్తబుట్ట కూడా ఒక కమిటీయే. అందులో పడ్డది బతికిందనీ చెప్పలేం, చచ్చిందనీ చెప్పలేం, జాగా మాత్రం ఖాళీ కాదు. ఆ బుట్టను దులిపెయ్యడం రేపు చేద్దాంలే అని నేను నిద్రపోయాను. మా చిన్నాయిన పాఠాలేవీ చదవకపోయినా, ఆఫీసులో కూర్చుని కూర్చుని ఇలాంటి విద్యలు బాగానే నేర్చాడు. తెల్లారి చూస్తే పోయినవన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి. "ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కు గుంజుకునుడు గిట్లుంటదే. మనకు అలవాటే గద" అన్నాడు పళ్లు ఇకిలిస్తూ. రాష్ట్రం ఇస్తామని చెప్పి వెనక్కు పోయినవాళ్ల మీది ఆ మాటకు బాపు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ వారంలోనే మా వాడకట్టు ఆడవాళ్లు చౌరస్తాలో వంటావార్పు పెట్టుకున్నారు. హైదరాబాద్ పోయే రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండి, దారినపోయేవాళ్లందరికీ అక్కడే పెట్టడం. ఆడవాళ్ల తరఫున ఎవరో ఒకరు మైకులో మాట్లాడాలి. అందరూ ఒకరినొకరు తోసుకుని, చివరికి ఖాలా మా అమ్మ చెయ్యి పట్టుకుని, "మా చెల్లె మాట్లాడుతది" అనేసింది. అమ్మ పుట్టి బుద్ధెరిగాక మైకు ముందు నిలబడ్డ మనిషి కాదు. మూడు రోజులు వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని ఏదో గొణుక్కునేది. నేను ఒకసారి చెవి పెట్టి విన్నాను. "సోదర సోదరీమణులారా, మా గుండెలు ఎంతగా తల్లడిల్లుతున్నాయో మీకేం తెలుసండీ" అంటోంది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. ఎక్కడో కాదు, నా డిస్కులోనే. సీరియల్లో కోడలు అత్తగారి ముందు మాట్లాడే మాటలు. ఎన్ని భాగాలు చూసిందో, అచ్చు అలాగే అప్పజెబుతోంది.

"అమ్మా, గదేంది? మన మాటల మాట్లాడొచ్చు గద" అన్నాను లోపలికి పోయి.

అమ్మ ఉలిక్కిపడి, తర్వాత నన్ను జాలిగా చూసింది. "మైకుల మన మాట మాట్లాడితె కామెడీ అయితదే. నీకు తెల్వది, నువ్వు ఊకో" అంది. తను పోరాడబోయేది దేని కోసమో దాన్ని ఇంట్లో వదిలేసి, దేని మీద పోరాడుతోందో దాన్ని ముస్తాబు చేసుకుని తీసుకుపోతోంది. ఆ సీరియల్ మీదా, ఆ కామెడీ బిట్ల మీదా నాకు పట్టరాని కోపం వచ్చింది.

వంటావార్పు రోజు చౌరస్తా అంతా పొగ. ఒక లారీ వెనక పలక దించి దాన్నే వేదిక చేశారు. ఖాలా చేతి బగారన్నం ఒక పొయ్యి మీద, పప్పు ఇంకో పొయ్యి మీద, తెల్లన్నం ఉడికే పెద్ద గిన్నె, మా మాటలో గంజు, మూడో పొయ్యి మీద. ఆ గంజు దగ్గర మా చిన్నాయినను కాపలా పెట్టారు. అమ్మ పట్టుచీర కట్టుకుని లారీ ఎక్కింది. మైకు పట్టుకుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. "సోదర సోదరీమణులారా, మా గుండెలు ఎంతగా తల్లడిల్లుతున్నాయో మీకేం తెలుసండీ. ఎందుకండీ మాకీ శిక్ష." జనం మర్యాదగా విన్నారు. వెనక ఎవరో ఆడపిల్ల కిసుక్కుమంది. ఒకాయన పక్కాయనతో, "ఈమె ఏ జిల్లాకెళ్లి వచ్చిందే?" అన్నాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అమ్మ ఒక మాట మరిచిపోయి, ఆగి, కళ్లు తెరిచింది. తెరిచేసరికి ఎదురుగా చిన్నాయిన, నోరు తెరుచుకుని ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన వెనక గంజులోంచి నల్లటి పొగ.

"ఏ పిలగా, గా గంజు కిందికెళ్లి కట్టెలు గుంజు, అన్నం మాడుతాంది. నోరు తెరుసుకొని నన్ను జూసుడు గాదు, గా గంజు జూడు."

మైకులో ఆ మాట చౌరస్తా దాటి స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. రోడ్డంతా పగలబడి నవ్వింది. నీడకు కూర్చున్న పోలీసులు కూడా నవ్వారు. అమ్మ మొహం ఎర్రబడింది. దిగిపోతుందనుకున్నాను. లారీ అంచు దాకా వచ్చింది కూడా. అక్కడ ఆగి, కొంగు నడుముకు చుట్టి, మళ్లీ మైకు దగ్గరికి పోయింది.

"నవ్వుతాన్రా? నవ్వుండ్రి. నాకు గూడ నవ్వత్తాంది. ఇందాకటి సంది నేను మాట్లాడింది నా మాట గాదు, టీవీలకెళ్లి తెచ్చుకున్న మాట. మైకు ముంగట మన మాట మాట్లాడద్దని నాకెవ్వలు చెప్పలే. నేనే అనుకున్న. ఎందుకనుకున్ననో మీరే చెప్పుండ్రి, ఎందుకంటె మీరు గూడ అనుకుంటరు. నేను రేగొండ కాడి పిల్లను. అత్తాన, పోతాన అంటె మా ఇంటాయినే నవ్వుతడు. నీళ్లు గావాలె అంటాన్రు, కొలువులు గావాలె అంటాన్రు. అన్ని గావాలె, నేను గాదంట లేను. నాకు ఇంకొకటి గూడ గావాలె. నేను నోరు తెరిస్తె ఎదుటోడు నేను చెప్పింది ఇనాలె, నేను ఎట్ల చెప్పిన్నో గది గాదు. గంతే. ఇగ రాండ్రి, అన్నం తినుండ్రి."

నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో, చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో నాకు గుర్తులేదు. ఖాలా గరిటెతో గంజు మూత మీద కొడుతూనే ఉంది. బాపు జనంలో ఎక్కడో నిలబడి రుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. (పొగకు అని ఇప్పటికీ అంటాడు.) చిన్నాయిన ఒక్కడే ఇటు చూడలేదు, బుద్ధిగా గంజునే చూస్తున్నాడు.

మా ఊరి కేబులాయన ఇదంతా కెమెరాతో తీశాడు. అమ్మ లారీ దిగగానే వచ్చి, "అక్కా, ఇయ్యాల ఏడింటికి మన లోకల్ చానల్ల ఏస్త, చూడుండ్రి" అన్నాడు. నాకొక కాపీ ఇస్తావా అని అడిగాను. "కాపీ ఏడిది బిడ్డా, నాకున్నయే కొన్ని టేపులు. రేపు గదే టేపు మీద ఇంకోటి తీస్త" అన్నాడు. అంటే ఏడింటికి ఒక్కసారి వస్తుంది, రేపటికి చెరిగిపోతుంది. నేను పట్టుకుంటే ఉంటుంది, పట్టుకోకపోతే లేదు. అన్నం తినకుండానే ఇంటికి పరుగెత్తాను.

డబ్బ ముందు కూర్చుని చూస్తే డిస్కులో వేలు పెట్టే సందు లేదు. మేమందరం చౌరస్తాలో ఉన్నంతసేపూ బాపు పెట్టిపోయిన చర్చ రికార్డవుతూనే ఉంది. ఇంట్లో మనుషులు లేకపోయినా చరిత్ర ఆగకూడదు కదా. చివరికి ‘జాగా లేదు’ అని చెప్పి, రికార్డింగు తనంతట తానే చతికిలపడింది. కేబులాయన ఏడింటికి అంటే ఎప్పుడు వేస్తాడో నమ్మకం లేదు, గంటసేపు రికార్డింగు నడవాలి. అంటే రెండు జీబీలు కావాలి. అప్పటికి బాపు, అమ్మ, చిన్నాయిన, ఖాలా నలుగురూ ఇంటికి చేరారు. సంగతి చెప్పి, ఎవరిది తీయమంటారో చెప్పమన్నాను.

"నా సినిమాల జోలికి రాకు. టీవీల వచ్చినప్పుడు వదిన మాటలు అందరం చూస్తం గద, సాలదా?" అన్నాడు చిన్నాయిన.

"నాయి ముట్టకు బిడ్డా. గది చరిత్ర" అన్నాడు బాపు.

అమ్మది ఇంకో దారి. "నాది రికార్డు జేసుడేందే? అన్నం మాడుతాంది అన్నదాన్ని ఎవలన్న దాసి పెట్టుకుంటరా? రేపు సుట్టాలు జూస్తె నవ్వుతరు. నీకు దండం బెడ్త, నా సీరియల్ తియ్యకు" అంది. గంట క్రితం లారీ మీద నిలబడి అన్ని మాటలన్న మనిషి, ఇంటి గడపలో అడుగు పెట్టగానే మళ్లీ ఎప్పటి అమ్మ అయిపోయింది. అది చూసి నాకు భయం వేసింది. రేపటికి ఆ టేపు చెరిగిపోతే, లారీ మీది మనిషి నిజంగా ఉందని ఈమెకు నేనెలా చూపించాలి?

అప్పుడు ఖాలా నా భుజం మీద చెయ్యి వేసింది. "బేటీ, నా బిడ్డ నిఖా తీసెయ్. నాకు గది కండ్లల్ల ఉన్నది, డబ్బల లేకున్నా నడుస్తది. మీ అమ్మ మాట ఉంచు" అని, ఒక్క నిమిషం ఆగి, "ఆడ నేను గూడ పక్కపొంటి కనవడ్త గద" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ సాయంత్రం నుంచి ఏడవడానికి ఆమెకు ఇంకేమీ మిగలదని ఆ గదిలో అందరికీ తెలుసు. బాపు కిందికి చూశాడు, చిన్నాయిన పైకి ఫ్యాను వైపు చూశాడు.

నాకు కోపం నెత్తికెక్కింది. ఆ కోపం ఇప్పటికీ దిగలేదు, దిగనివ్వను. "బాపు, నువ్వు రికార్డు జేసిన పెద్దమనుషులు నిన్న మాట్లాడిండ్రు, ఇయ్యాల మాట్లాడిండ్రు, రేపు పొద్దుగాల గూడ గదే మాట్లాడ్తరు. వాళ్లకు మైకు ఎప్పుడైన దొరుకుతది. అమ్మకు మళ్ల దొరుకుతదా?" అన్నాను. మా ఇంట్లో బాపుకు అంతవరకు మొహం మీద ఎవరూ ఎదురు చెప్పలేదు. బాపు నోరు తెరిచాడు. ఆయన నోట్లోంచి మాట రాకముందే, అంకెల పేర్లున్నవన్నీ ఒక్కసారిగా పట్టుకుని, షిఫ్టు నొక్కిపట్టి డిలీట్ కొట్టాను. అలా కొడితే చెత్తబుట్ట దాకా పోదు, నేరుగా పోతుంది. నిజంగానే తీసెయ్యమంటారా అని కంప్యూటర్ అడిగింది. ఆ ఇంట్లో నా అభిప్రాయం అంత మర్యాదగా అడిగింది అదొక్కటే. అవునన్నాను.

"మొత్తమా?" అన్నాడు బాపు మెల్లగా.

"మొత్తం."

"గా ఆదివారంది ఒక్కటన్న..."

"పోయింది బాపు."

చేయి వేడి మీదుంది కదా అని కామెడీ బిట్లను కూడా పట్టుకున్నాను. చిన్నాయిన ఒక్క గంతులో వచ్చాడు గానీ, నా వేలు ముందుంది. ఆ వెంటనే కవల సినిమాలు. చిన్నాయిన నేల మీద చతికిలపడి, "గా లేసి పోయినాయన?" అని అడిగాడు. "బయటికే పోయిండు" అన్నాను. రెండు జీబీలు అవసరమైతే డిస్కులో సగం ఊడ్చేశావు, ఇదేం న్యాయమని బాపు ఈ రోజుకీ అడుగుతాడు. అవును, ఊడ్చేశాను. ఇల్లు ఊడ్చేటప్పుడు చాప పట్టేంత మేర మాత్రమే ఊడ్చి వదిలేస్తామా? ఖాలా నిఖా మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మ సీరియల్ కూడా ఉంచాను. ఎందుకంటే ఆమె దండం పెట్టింది, మిగతావాళ్లు పెట్టలేదు.

ఏడింటికి లోకల్ చానల్లో ముందు ఒక బంగారం దుకాణం, తర్వాత ఒక మిఠాయి దుకాణం, ఆ తర్వాత మా చౌరస్తా వచ్చాయి. రికార్డింగు నడుస్తోందని చూసుకుని వచ్చి కూర్చున్నాను. అమ్మ చూడనని వంటింట్లోకి పోయింది. ‘అండీ’ అన్నంతసేపూ అందరం పెదవులు బిగబట్టి కూర్చున్నాం. ‘ఏ పిలగా’ రాగానే ముందుగా నవ్వింది చిన్నాయినే. తర్వాత అమ్మ కొంగు చుట్టుకుని మైకు దగ్గరికి రావడం, ఆ మాటలు. చౌరస్తాలో విన్నప్పటికంటే మెల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఎప్పుడు వచ్చిందో, అమ్మ చేతిలో గరిటెతో గడపలో నిలబడి ఉంది. తనను తాను చూస్తోంది. ఇన్నేళ్లుగా టీవీలో ఆమె మాటలాంటి మాట మాట్లాడినవాళ్లందరూ ఎవరి చేతిలోనో దెబ్బలు తినడమే ఆమె చూసింది. ఈమెనెవరూ కొట్టలేదు. జనం వింటున్నారు.

చౌరస్తా అయిపోయి, మళ్లీ బంగారం దుకాణం వచ్చింది.

"గిట్లనే మాట్లాడ్తనా నేను?" అంది అమ్మ.

"గిట్లనే" అన్నాను.

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. "మంచిగనే ఉన్నది కదనే" అంది, ఎవరిదో కొత్త చీర చూసి చెప్పినట్టు.

బాపు రిమోటు పక్కన పెట్టాడు. "మళ్ల పెట్టు బిడ్డా" అన్నాడు. ఆ డబ్బలో రికార్డు చేసినదాన్ని మళ్లీ పెట్టమని బాపు అడగడం అదే మొదటిసారి.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఖాలా బిడ్డ బస్సెక్కి వచ్చి పోతూనే ఉంది, చిన్నాయినకు పెళ్లయింది, నేను ఉద్యోగం దొరికి హన్మకొండ చేరాను. ఈమధ్య అమ్మ ఫోను పాతబడిందని ఒక పెద్ద షోరూముకు తీసుకుపోయాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి, టై కట్టుకున్న కుర్రవాడు. అమ్మ తనకేం కావాలో చెప్పింది. ఆ కుర్రవాడు మర్యాదగానే, "కొంచెం అర్థమయ్యేలా చెప్తారా మేడమ్" అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. నేను అమ్మ మోచేయి పట్టుకుని, "అమ్మా, నేను చెప్తలే, నువ్వు జర ఆగు" అన్నాను, గొంతు తగ్గించి, చుట్టూ చూస్తూ. అమ్మ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. "నేను మంచిగనే చెప్పిన బిడ్డా. నువ్వే జర మంచిగ ఇను" అంది ఆ కుర్రవాడితో. అని, మొదట చెప్పిన మాటనే, ఒక్క అక్షరం కూడా మార్చకుండా, ఇంకొంచెం గట్టిగా మళ్లీ చెప్పింది. బాపు ముందు షిఫ్టు మీద వేలు పెట్టిన ఆ పిల్ల నాలోంచి ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు తెలియదు. ఎవరి దగ్గరికి చేరిందో మాత్రం అక్కడ నిలబడి చూశాను. కుర్రవాడు ఈసారి విన్నాడు. నేను నోరు మూసుకుని, నాలో నేను నవ్వుకుంటూ, అమ్మ సంచి పట్టుకుని నిలబడ్డాను.